బాచీ గారి ఆయుష్షు, నీవెస్ ఇల్లు

నీవెస్ తసారా మా వీధిలో ముప్పై ఏళ్లకు పైగా ఆడవాళ్ల జుట్టు కత్తిరించింది, ఇప్పటికీ కత్తిరిస్తూనే ఉంది. సాంపియర్దారెనా అనే మా రేవు పేటలో రైలు కట్ట పక్కన, చేపల కొట్టుకూ మందుల షాపుకూ మధ్య ఇరుక్కున్న చిన్న సెలూన్ ఆమెది. ఎండాకాలం తలుపు తీసిపెడితే లోపలంతా చేపల వాసన. ఎవరైనా ముఖం చిట్లిస్తే "కటింగ్‌కే డబ్బులు, వాసన ఊరికే" అనేది. పెళ్లి నాలుగేళ్లకే పెటాకులయింది. పిల్లలు లేరు. వదిలేసి వెళ్లిన మొగుడి గురించి ఆమె బాధపడగా నేను చూడలేదు గానీ మోకాళ్ల గురించి మాత్రం రోజూ బాధపడేది. పొద్దున్నుంచీ నిలబడి చేసే పని. యాభై దాటాక సాయంత్రానికి కాళ్లు వాచిపోయేవి. సొంత కొట్టు నడుపుకునేవాళ్లకు చివర్లో వచ్చే పింఛను ఏపాటిదో ఆమెకు తెలుసు. అది ఇంటి అద్దెకే సరిపోదు.

ఆ సెలూన్‌కు ఎదురుగా ఉన్న భవనంలో మూడో అంతస్తు నాది. ఇదంతా జరిగింది నా నెత్తి మీది అంతస్తులో. అందుకని సగం నీవెస్ నోటి వెంట విన్నాను, మిగతా సగం మా పైకప్పులోంచి విన్నాను.

నీవెస్ వాళ్లమ్మ పోయాక కొండల్లో ఉన్న చిన్న ఇల్లు అమ్మేశారు. వచ్చిన డబ్బు అక్కచెల్లెళ్లిద్దరూ పంచుకున్నారు. అక్క ఓర్నెల్లా తన వాటా బ్యాంకులో వేసి నిశ్చింతగా కూర్చుంది. నీవెస్‌కు అలా కూర్చోవడం చేతకాలేదు. బ్యాంకులో డబ్బు ఎండకీ వానకీ అడ్డం రాదు కదా అనేది. ఒక ఇల్లు కొంటే పనిచేసినన్నాళ్లూ అద్దెకిచ్చుకోవచ్చు, కాళ్లు మొరాయించాక అందులో తనే ఉండొచ్చు. కానీ ఆమె దగ్గరున్నది ఏ ఇంటికీ చాలేది కాదు. అప్పుడే ఇళ్ల ఏజెన్సీ కిటికీలో ఆ కాగితం కనిపించింది. మా భవనంలో నాలుగో అంతస్తు, మూడు గదులు, సముద్రం వైపు బాల్కనీ, ధర మాత్రం దాదాపు సగం. కింద చిన్న అక్షరాల్లో అసలు సంగతి ఉంది: వట్టి యాజమాన్యం మాత్రమే. అంటే ఇల్లు కొన్నవాళ్ల పేరు మీదకు వస్తుంది. అందులో ఉన్న ముసలాయన మాత్రం బతికున్నంత కాలం అక్కడే ఉంటాడు. ఆయన పోయాకే కొన్నవాళ్లకు తాళం చేతికొస్తుంది.

ఆ ముసలాయన బాచీ క్రావియోట్టో. ఓడల్లో వంటవాడిగా చేసి రిటైరయ్యాడు. డెబ్భై తొమ్మిదేళ్లు. పెళ్లాం లేదు, పిల్లల్లేరు, సవోనాలో ఒక మేనల్లుడు ఉన్నాడు. చేతిలో రొక్కం ఉండాలని ఇల్లు అలా అమ్మకానికి పెట్టాడు. చూడ్డానికి వెళ్లిన రోజు నీవెస్‌ను కూర్చోబెట్టి కూరగాయల పులుసు పోసి ఇచ్చాడట. గది గదీ తిప్పి చూపిస్తూ దగ్గాడట. మామూలు దగ్గు కాదు. ఆ దగ్గు నాకూ తెలుసు, పొద్దున్నే పాత మోటారు పడవ స్టార్ట్ చేసినట్టు ఉండేది. ఏజెన్సీ కుర్రాడు ఆ దగ్గు వినగానే నీవెస్ వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. తనకు సిగ్గేసిందని ఆమె తర్వాత చెప్పింది. సిగ్గేసినా, ఆ రాత్రి లెక్క వేసుకోవడం మానలేదు.

నోటరీ దగ్గర సంతకాలయ్యాయి. చేతిలో డబ్బు పడ్డ నెలలోనే బాచీ చుట్టలు మానేశాడు. ఇన్నాళ్లూ చవకబారు చుట్టలు తాగబట్టే దగ్గు వచ్చిందనీ, ఇక నుంచి ఉన్న డబ్బు మంచి తిండికి పెడతాననీ నాతో మెట్ల మీద చెప్పాడు. అన్నట్టుగానే చేశాడు. తాజా చేప, మంచి నూనె, పొద్దున్నే రేవు దాకా నడక. వసంతం వచ్చేసరికి దగ్గు మాయమైంది. పైకప్పులోంచి నాకు ఇప్పుడు ఈల వినపడేది.

ఈ వార్త వింటే ఓర్నెల్లా ఊరుకుంటుందా. ఆదివారం భోజనాల దగ్గర చెల్లెల్ని కూర్చోబెట్టి అందరి ముందూ అడిగింది.

"ఏమే, నువ్వు కొన్నది ఇల్లా, ఆ ముసలాడికి ఆరోగ్యమా?"

ఇద్దరూ నవ్వుకున్నారట. నీవెస్‌కు అప్పటికి ఇంకా నవ్వొచ్చేది.

తర్వాత లిఫ్ట్ గొడవ మొదలైంది. మా భవనానికి లిఫ్ట్ లేదు. పెట్టిద్దామని పై అంతస్తుల వాళ్లు మీటింగ్ పెట్టించారు. చిన్నా చితకా మరమ్మతులు ఇంట్లో ఉండేవాళ్లు చేయించుకుంటారు గానీ, పైకప్పు, గోడలు, లిఫ్ట్ లాంటి పెద్ద ఖర్చులు మాత్రం యజమాని నెత్తిన పడతాయి. ఆ రోజు నీవెస్ సెలూన్ మూసి వచ్చి వెనక వరసలో కూర్చుంది. వద్దని చెయ్యెత్తింది. ఎత్తింది ఆమె, కింది అంతస్తు కుట్టుపనివాడు, అంతే. నేను వద్దనలేదు. నా మోకాళ్లూ అంతంతమాత్రమే. ఓట్ల లెక్క తేలాక ఆమె నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. తన వాటా కోసం బ్యాంకులో అప్పు చేసింది.

లిఫ్ట్ వచ్చాక బాచీ రోజుకు రెండుసార్లు బయటికి వెళ్లసాగాడు. అదివరకు మెట్లకు భయపడి సాయంత్రాలు ఇంట్లోనే ఉండేవాడు. ఇప్పుడు చీట్లాటకు వెళ్తున్నాడు, బజారుకు వెళ్తున్నాడు, ముఖంలో రంగు వచ్చింది. కనపడిన ప్రతివాళ్లకూ నీవెస్ గారు పెట్టించిన లిఫ్ట్ అని చెప్పేవాడు. మనస్ఫూర్తిగానే అనేవాడు. అది విన్నప్పుడల్లా ఆమె పళ్లు బిగబట్టి నవ్వేది.

అలాంటి రోజుల్లోనే ఆయన జుట్టు కత్తిరించడం మొదలైంది. సోమవారం సెలూన్‌కు సెలవు. నెలకో సోమవారం కత్తెర పట్టుకుని పైకి వెళ్లేది. మొదట్లో ఇల్లు ఎలా ఉంచుతున్నాడో చూసుకోవడానికే వెళ్లేదాన్నని ఒప్పుకుంది. గోడల్లో చెమ్మ ఉందా, కొళాయిలు కారుతున్నాయా అని. తర్వాత తర్వాత పులుసు కోసం కూడా వెళ్లేది.

అప్పు వాయిదాలు, అద్దె, కొట్టు ఖర్చులు కలిసి గొంతు పట్టుకునేసరికి, కొన్నది కొన్నట్టు వేరేవాళ్లకు అమ్మేద్దామనుకుంది. ఏజెన్సీ వాళ్లు ఇద్దరు ముగ్గురిని తీసుకొచ్చారు. వచ్చినవాళ్లందరికీ బాచీ వంట చేసి పెట్టాడు. ఒకాయన ఎదుట బంగాళాదుంపల బస్తా ఒంటిచేత్తో ఎత్తి అటకమీద పెట్టాడు. వాళ్లు తిన్నారు, మెచ్చుకున్నారు, మళ్లీ రాలేదు. కావాలనే ఎత్తారా అని నీవెస్ తర్వాత అడిగితే, బస్తా దారికి అడ్డంగా ఉందమ్మా అన్నాడు. నిజమే అయివుండొచ్చు. నాకు మాత్రం నమ్మకం లేదు.

ఇలా ఏళ్లు గడిచాయి. ఉన్న ఇల్లు అద్దెకివ్వలేదు, అందులో ఉండలేదు, అమ్మలేదు. పేరు మాత్రం ఆమెది. పన్నుల ఆఫీసులోనూ బ్యాంకులోనూ ఇంటి యజమానురాలివి కదా అంటారు. అందుకని పేదవాళ్లకిచ్చే ఏ సాయమూ రాదు. పులి మీద పుట్రలా, ఆమె అద్దెకుంటున్న ఇంటివాళ్లు ఖాళీ చేయమన్నారు. ఊరు చూడటానికి వచ్చే వాళ్లకు రోజుల లెక్కన ఇచ్చుకుంటే ఎక్కువ వస్తుందట. నీవెస్ ఊరంతా తిరిగింది. మా పేటలో కూడా అద్దెలు ఆమె అందుకోలేనంత పైకి పోయాయి. ఓర్నెల్లా ఇంట్లో సోఫా ఖాళీగా ఉంది గానీ, ఆ సోఫాతో పాటు ఓర్నెల్లా నోరు కూడా ఉంది.

ఆ సోమవారం నీవెస్ బాచీ జుట్టు ఒకవైపు కత్తిరించి, రెండోవైపు మరిచి తువ్వాలు దులిపేసిందట. ఏమైందని అడిగాడు. చెప్పింది. ఆయన బాల్కనీ వైపు వేలు చూపించాడు. బాల్కనీ పక్కన చిన్న గది ఉంది, పాత సామాను తీసేస్తే మంచం పడుతుందన్నాడు. ఆమె థాంక్స్ చెప్పబోతుంటే ఆపాడు.

"ఊరికే కాదమ్మా. అద్దె ఇవ్వాలి. ఇల్లమ్మిన డబ్బు అయిపోవచ్చింది. ఇన్నాళ్లు బతుకుతానని నేను మాత్రం అనుకున్నానా?"

అలా నీవెస్ తన ఇంట్లోకి తనే అద్దెకు వచ్చింది. సామాను మోయడానికి నేనూ ఓ చెయ్యి వేశాను. లిఫ్ట్‌లో మంచం పట్టలేదు, మెట్ల మీదుగానే ఎక్కించాం.

భవనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఇక ముసలాయన పని అయిపోయినట్టేనని రెండో అంతస్తు ఆవిడ అంది. పులుసు గిన్నె మీద కన్నేసి ఉంచమని బాచీకే సలహా ఇచ్చిందట. ఆయన ఆ మాట నీవెస్‌కు చెప్పి పడీపడీ నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు. ఆ రోజు నుంచి ఆయన తినేదేదీ తను వండనని తెగేసి చెప్పింది. ఇద్దరికీ ఆయనే వండేవాడు. వయసు ఎనభై ఆరో ఏడో. పైనుంచి ఇప్పుడు నాకు రెండు రకాల అడుగులు వినిపించేవి. ఒకటి ఈడ్చుకుంటూ, ఇంకొకటి అలసిపోయి.

ఒక రోజు పొద్దున ఆ ఈడ్చే అడుగుల వెనకే ధబ్బున పడ్డ చప్పుడు. నేను పైకి పరిగెత్తేసరికి నీవెస్ స్నానాల గదిలో నేల మీద కూర్చుని ఉంది. బాచీ తల ఆమె ఒళ్లో ఉంది. ఒక చేత్తో అంబులెన్స్‌కు ఫోన్ చేస్తోంది, ఇంకో చేత్తో ఆయన నుదుటి మీది రక్తాన్ని తువ్వాలుతో అదుముతోంది. ఆసుపత్రికి నేనూ వెళ్లాను. లోపలికి రావాలంటే చుట్టాలై ఉండాలని నర్సు అంది. కూతురా అని అడిగింది. కాదంది నీవెస్. కోడలా? కాదు. మరి ఏమవుతారు?

"ఆయన నా ఇంటి ఓనరు" అంది. మళ్లీ తనే "నేను ఆయన ఇంటి ఓనర్ని" అంది.

నర్సు ఆమెను పైకీ కిందికీ చూసి, కంగారు పడకండి, కూర్చోండి, మంచినీళ్లు తెస్తానంది.

తుంటి ఎముక విరిగింది. ఆ వయసులో చాలామంది దాంతోనే పోతారు. డాక్టరు ఆ మాట అన్నప్పుడు తన లోపల ఏం కదిలిందో నీవెస్ నాకు చెప్పింది. చెప్పాక ఎవరితో అనవద్దంది. అందుకని ఇక్కడా రాయను. ఆయన పోలేదు. రెండు నెలల్లో చేతికర్రతో తిరిగొచ్చాడు. ఒళ్లు తుడవడం, బట్టలు వేయడం, మందులు ఇవ్వడం అన్నీ ఆమె మీదే పడ్డాయి. పొద్దున ఆయన పని, పగలంతా సెలూన్, మళ్లీ సాయంత్రం ఆయన పని. అద్దె మాత్రం తగ్గలేదు. తగ్గించమని ఆమె అడగలేదు, ఆయనా అనలేదు.

ఆ చలికాలంలోనే ఓ సోమవారం వాళ్లిద్దరి మధ్య ఆ మాట వచ్చింది. అన్నేళ్లలో అదే మొదటిసారి.

"నా మీద కోపం ఉందా, అమ్మాయ్?"

"దేనికి?"

"ఇంకా ఉన్నందుకు."

ఆమె కత్తెర పక్కన పెట్టింది. అబద్ధం చెప్పడానికి టైముంది కానీ ఓపిక లేదని తర్వాత అంది.

"ఉంది. రోజూ కాదు. ఒకటో తారీఖున బాగా ఉంటుంది."

బాచీ తలాడించాడు. తను కూడా ఒకప్పుడు ఓడలో తన పైనున్న పెద్ద వంటవాడు ఎప్పుడు దిగిపోతాడా అని ఆరేళ్లు ఎదురుచూశాననీ, వాడు దిగిపోయేసరికి వాడి వంట తప్ప ఇంకేదీ నోటికి రుచించలేదనీ చెప్పాడు. ఇది ఓదార్పో ఎత్తిపొడుపో ఆమెకు అర్థం కాలేదు. మళ్లీ కత్తెర తీసుకుని చెవుల వెనక సరిచేసింది.

ఆ తర్వాత ఏడాదికి ఆయనను లేపి కూర్చోబెట్టడం ఆమె ఒక్కదాని వల్ల కాలేదు. సవోనా నుంచి మేనల్లుడు వచ్చాడు. పేరు ఉల్దెరీకో. మర్యాదగా మాట్లాడే మనిషి, కూర్చునేముందు కుర్చీ చేత్తో తుడుచుకునే మనిషి. మావయ్యను వృద్ధాశ్రమంలో చేర్పిద్దామన్నాడు. దానికి నెలనెలా డబ్బు కావాలి కాబట్టి ఈ ఇల్లు మొత్తం వేరేవాళ్లకు అద్దెకిద్దామన్నాడు. అడిగేవాళ్లు సిద్ధంగా ఉన్నారట. బతికున్నంత కాలం ఇంటిని వాడుకునే హక్కు బాచీదే, కాబట్టి అద్దెకిచ్చే హక్కూ బాచీదే. నీవెస్ లాయరు దగ్గరికి పరిగెత్తింది. లాయరు ఇంకో మాట చెప్పాడు. పద్ధతి ప్రకారం రాసుకున్న అద్దె ఒప్పందమైతే బాచీ పోయాక కూడా ఐదేళ్ల దాకా చెల్లుతుంది. అద్దె అప్పుడు ఆమెకే వస్తుంది. ఇంట్లోకి వెళ్లడం మాత్రం కుదరదు.

ఆమె ఆ రోజు సెలూన్ తెరవలేదు. సాయంత్రం బాచీ మంచం పక్కన కూర్చుని ఒప్పుకోవద్దని బతిమాలింది.

"నువ్వు నన్ను ఎత్తలేవు. ఆ హోముకి డబ్బు నువ్వు కట్టలేవు. నాకు చావు రావట్లేదు. ఇక నన్నేం చేయమంటావో నువ్వే చెప్పు" అన్నాడు.

ఆయన గొంతులో కోపం లేదట. నిజంగానే అడిగాడట. ఆమె మందుల చీటీ వెనక ఏవో అంకెలు వేసింది. అవి కూడాక తనే ఒక మాట అంది. బయటివాళ్లు ఎంత ఇస్తామన్నారో అంతా తనే ఇస్తుంది, ఇల్లు మొత్తం తనకే అద్దెకివ్వమంది. గుమ్మంలో నిలబడ్డ ఉల్దెరీకో ఆమెకు మతి చెడిందన్నట్టు చూశాడు. బాచీ మాత్రం చెయ్యి చాపాడు, ఇద్దరూ చేతులు కలిపారు.

ఇలా ఆశ్రమానికయ్యే ఖర్చులో పెద్ద భాగం నీవెస్ అద్దెతోనే నడవసాగింది. ఆయన పోతే ఆమెకు ఈ అద్దె తప్పుతుంది. ఆయన పోకుండా ఉండటానికే ఈ అద్దె. చిన్న గదిని, ఆసుపత్రిలో పనిచేసే ఒక ఈక్వెడార్ అమ్మాయికి ఇచ్చి సగం బరువు దించుకుంది. అరవై ఐదు దాటినా కొట్టు మూయలేదు. కుర్చీ పక్కన ఎత్తు స్టూలు వేసుకుని, దాని మీద కూర్చుని కత్తిరించడం నేర్చుకుంది. వరసలు కాస్త వంకరగా వస్తున్నాయని పాత గిరాకీలు గొణిగినా, వదిలి వెళ్లలేదు.

కిందటి శరదృతువులో ఏజెన్సీ వాళ్లు మళ్లీ ఫోన్ చేశారు. ముసలాయనకు తొంభై దాటాయి కాబట్టి ఇప్పుడు ఆ వట్టి యాజమాన్యానికి మంచి ధర పలుకుతుందట. ఒక జంట వచ్చారు. అతను పళ్ల సెట్లు తయారుచేసే పనివాడు, ఆమె స్కూల్లో వంటమనిషి. అంతకు ముందు నెలలోనే బాచీకి న్యుమోనియా వచ్చి తగ్గింది. కాగితాలన్నీ బల్ల మీద పరిచాక అతను అడగలేక అడగలేక అడిగాడు. ఆయన ఎలా ఉన్నారని.

నీవెస్ ఏం చెప్పినా చెల్లేది. న్యుమోనియా అబద్ధం కాదు. ఆ ఒక్క మాట చెబితే అప్పు తీరేది, చేతిలో ఇంకా మిగిలేది. అద్దె ఒప్పందం ఉంది కాబట్టి ఇంట్లోంచి వెంటనే కదలాల్సిన పని కూడా ఉండేది కాదు. ఓర్నెల్లా పక్కనే కూర్చుని బల్ల కింద చెల్లెలి కాలు తొక్కుతోంది.

నీవెస్ మాత్రం, న్యుమోనియా వచ్చిందనీ, వారానికల్లా లేచి చేప వేయించిన తీరు బాలేదని ఆశ్రమం వంటవాడితో పోట్లాడాడనీ చెప్పింది. ఆ స్కూలు వంటమనిషి తన మొగుడి వైపు చూసింది. తర్వాత నీవెస్‌ను అడిగింది.

"నా స్థానంలో మీరైతే కొంటారా?"

"కొన్నాను కదమ్మా" అంది నీవెస్.

వాళ్లు ఆలోచించుకుని చెప్తామని లేచారు. మళ్లీ రాలేదు. మెట్ల దగ్గర ఓర్నెల్లా గొంతు మూడో అంతస్తు దాకా వినిపించింది. చేతికొచ్చిన బేరం కాలదన్నుకున్నావనీ, మంచితనం మూటగట్టుకుని సమాధిలోకి పోతావా అనీ. నీవెస్ నెమ్మదిగా, తనది మంచితనం కాదంది. కొనడానికొచ్చిన ఆవిడ చేతిసంచిని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది, చూడలేదా అక్కా, వాళ్ల దగ్గర ఉన్నదంతా అదే, అంది. ఓర్నెల్లా లిఫ్ట్ ఎక్కకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది. నెల రోజులు మాట్లాడలేదు. క్రిస్మస్‌కు మళ్లీ మాటలు కలిశాయి.

ఆమె సుఖంగా ఉందా అని నన్నడిగితే లేదంటాను. రాత్రిళ్లు నిద్ర పట్టదు. బాచీ కంటే ముందు తనే పోతానేమోనని అప్పుడప్పుడూ అంటుంది, అలా జరిగితే ఇల్లు ఓర్నెల్లాకు పోతుంది, అప్పుడు చూడు తమాషా అంటుంది. అయినా సోమవారం సోమవారం బస్సెక్కి ఆశ్రమానికి వెళ్తుంది. మిగతా ముసలివాళ్లు కూడా కత్తిరించమని వరస కడతారు. వాళ్ల దగ్గర డబ్బు తీసుకుంటుంది, బాచీ దగ్గర తీసుకోదు.

ఈ జనవరిలో చలి బాగా ఉన్న రోజున పైన వేడినీళ్ల బాయిలర్ పాడైపోయింది. బాగుచేసేవాడు చూసి, పనికిరాదు, కొత్తది పెట్టాలి, అంత పెద్ద ఖర్చు యజమానిదే, అద్దెకున్నవాళ్లది కాదని చెప్పి వెళ్లాడట. నీవెస్ కోటు మీద కోటు వేసుకుని మా ఇంటికి స్నానానికి వచ్చింది. ఇప్పుడేం చేస్తావని అడిగాను.

"ఓనరమ్మతో మాట్లాడాలి. మహా పిసినారి మనిషి, తొందరగా పెట్టించదు" అంది.

తువ్వాలు భుజాన వేసుకుని స్నానాల గదిలోకి వెళ్లింది. నేను కాఫీ పెట్టాను.